1870 దాటి వెనక్కి వెళ్లడం ఎలా? ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం మూలాలు వెతికే పద్ధతి

మా అమ్మాయి పెళ్లి అట్లాంటాలో జరిగింది. ప్రవర చెప్పడానికి పంతులుగారు వరుడి తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడిగారు. మా అల్లుడు ఆఫ్రికన్ అమెరికన్. తండ్రి పేరు, తాత పేరు చెప్పి ఆగిపోయాడు. ముందు వరసలో కూర్చున్న వాళ్ల నానమ్మ చేతికర్ర ఊతంగా లేచి నిలబడి ముత్తాత పేరు చెప్పింది. అంతటితో ఊరుకోలేదు. "ఆయన తండ్రి పేరు కూడా రాసుకోండి" అంది. పంతులుగారు ఆ నాలుగో పేరు కూడా కలిపి చదివారు.

ఆ నాలుగో పేరు దగ్గర మొదలుపెట్టి మేం ఇంకా వెతుకుతూనే ఉన్నాం. గోత్రం, ఇంటిపేరు, ఊరు పుట్టుకతోనే చేతికి అందిన మనకు ఈ వెతుకులాట ఎంత కష్టమో సులువుగా అర్థం కాదు. మీ ఇంట్లో అలాంటి అల్లుడో కోడలో మనవలో ఉంటే, లేదా ఒక స్నేహితుడికి సాయం చేయాలనుకుంటే, మేం నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. బానిసత్వం రద్దయ్యే దాకా అమెరికా జనాభా లెక్కల్లో బానిసలుగా ఉంచిన మనుషుల పేర్లు రాయలేదు. వాళ్లలో ఎక్కువమంది పేరు, ఇంటిపేరుతో మొదటిసారి కనిపించేది 1870 సెన్సస్‌లో. అందుకే ఈ పని చేసేవాళ్లు దాన్ని "1870 గోడ" అంటారు. గోడ దాకా వెళ్లడం ఒక పని, దాన్ని దాటడం ఇంకో పని.

1. డీఎన్‌ఏ కిట్ కొనకండి, పెద్దావిడ పక్కన కూర్చోండి

మేం చేసిన మొదటి తప్పు ఇదే. పూర్వీకులు ఏ దేశాల వాళ్లో అంచనా వేసే ఆ కిట్‌ను పెళ్లయిన నెలకే తెప్పించి, ఆ ఫలితం కోసం రోజూ ఈమెయిల్ చూసుకుంటూ కూర్చున్నాం. అన్నీ తెలిసిన నానమ్మ మాత్రం రెండు గంటల దూరంలో ఒంటరిగా ఉంది. కిట్ ఎప్పుడైనా దొరుకుతుంది. మనిషి దొరకదు.

ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఆవిడ అనుమతి అడిగి మొదలుపెట్టండి. "మీ వంశ చరిత్ర చెప్పండి" అంటే ఎవరికైనా మాట రాదు. చిన్న చిన్న సంగతులు అడగండి. ఈ వంట ఎవరు నేర్పారు? మీ వాళ్లను ఏ చర్చి స్మశానంలో పెట్టారు? చిన్నప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?

ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి. జార్జియా, సౌత్ కరోలినా తీరంలో ఉండే గల్లా గీచీ అనే ఆఫ్రికన్ అమెరికన్ సమాజపు కుటుంబాల్లో ఒక్కొక్కరికి రెండు పేర్లు ఉంటాయి. ఒకటి కాగితాల మీద, రెండోది ఇంట్లో. ఇంట్లో పిలిచే ఆ పేరును వాళ్లు "బాస్కెట్ నేమ్" అంటారు, మనం బుజ్జి, చిట్టి అన్నట్టు. నానమ్మ చెప్పిన పెద్దమామ పేరుతో మేం నెలల తరబడి సెన్సస్ వెతికాం. తీరా చూస్తే అది ఇంట్లో పిలిచే పేరు, కాగితాల్లో ఇంకోటి ఉంది. అలాగని ఆ పేరును పక్కన పారేయకండి. చాలాసార్లు నిజమైన ఆఫ్రికా పేరు అదే. లోరెంజో డౌ టర్నర్ అనే భాషావేత్త ఈ తీరంలో తిరిగి సేకరించి 1949లో అచ్చువేసిన పుస్తకంలో ఇలాంటి పేర్లు వేలల్లో ఉన్నాయి.

ఇంట్లో ఉన్న కాగితాలు కూడా అడగండి: కుటుంబ బైబిల్లో జననమరణాలు రాసిన పేజీలు, పాత భూమి పన్ను రసీదులు, ఫొటోల వెనక రాతలు. అన్నిటికంటే విలువైనవి అంత్యక్రియల రోజు చర్చిలో పంచే ప్రోగ్రాం కాగితాలు. చనిపోయినవాళ్లు ఎక్కడ పుట్టారు, తల్లిదండ్రులెవరు, తోబుట్టువులెవరు, అన్నీ వాటిలో ఉంటాయి. నానమ్మ వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టింది. మాకు దొరికిన పేర్లలో సగం ఆ డబ్బాలోవే.

వంటగది కూడా ఒక రికార్డే. కొత్త సంవత్సరం రోజు ఆవిడ బొబ్బర్లు వేసి అన్నం వండుతుంది. దాన్ని హాపిన్ జాన్ అంటారు. బొబ్బర్లు ఆఫ్రికా పంట. నువ్వుల్ని ఆవిడ "బెన్నే" అంటుంది, అది పశ్చిమ ఆఫ్రికా మాట. వరి పండించడం తెలిసిన మనుషుల్ని కావాలనే పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్, సెనెగాంబియా తీరాల నుంచి ఎక్కువగా ఇక్కడికి తెచ్చారు. ఆ గిన్నెలో ఉన్నది ఏ కాగితానికీ తీసిపోని సాక్ష్యం.

నమ్మకం కుదరకపోతే అమీలియా డాలీ సంగతి వినండి. జార్జియా తీరంలో హారిస్ నెక్ అనే ఊరామె. 1930లలో టర్నర్ ఆమె పాడిన ఒక చిన్న పాటను రికార్డు చేశాడు. తల్లి నుంచి వచ్చిన పాట, అర్థం ఆమెకు తెలియదు. అది సియెర్రా లియోన్‌లోని మెండే భాష అని ఆ దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి గుర్తుపట్టాడు. దశాబ్దాల తర్వాత జోసెఫ్ ఒపాలా, సింథియా ష్మిట్, తాజీఫ్ కొరోమా అనే పరిశోధకులు ఆ రికార్డు పట్టుకుని సియెర్రా లియోన్ పల్లెలు తిరిగారు. పాటలోని ఒక మాట దేశానికి దక్షిణాన ఒక ప్రాంతంలోనే వాడతారని కొరోమా పసిగట్టాడు. సెనెహున్ న్గోలా అనే పల్లెలో బెందూ జబాటి అనే ఆమెకు రికార్డు వినిపించగానే ఆమె పాటలో గొంతు కలిపింది. అది చావు ఇంట్లో ఆడవాళ్లు పాడే పాట. దాన్ని మరచిపోవద్దని, ఎప్పటికైనా దూరమైన మనవాళ్లను గుర్తుపట్టిస్తుందని ఆమెకు వాళ్ల నానమ్మ చెప్పి ఉంచింది. సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం వల్ల ఆలస్యమై, చివరికి 1997లో అమీలియా కూతురు మేరీ మొరాన్ ఆ పల్లెకు వెళ్లింది. రెండు వందల ఏళ్ల ఎడబాటును దాటించింది ఒక తల్లి తన బిడ్డకు నేర్పిన ఐదు వరసల పాట.

అందుకే, అర్థం తెలియని పాట, జోలపాటలో వింత మాట, చప్పట్లాట, ఏది దొరికినా రికార్డు చేయండి. "అదేం లేదు, ఊరికే పాడతాం" అన్నా వదలకండి.

2. 1950 నుంచి వెనక్కి, ఒక్కో మెట్టూ దిగండి

అమెరికా సెన్సస్ వివరాలు 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు. 1950ది 2022లో వచ్చింది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఖాతా ఉచితం, అక్కడే మొదలుపెట్టండి. 1950, 1940, 1930... ఇలా పదేసి ఏళ్లు వెనక్కి వెళ్లాలి, మధ్యలో దూకకూడదు. 1890ది వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. 1921 నాటి అగ్నిప్రమాదం దెబ్బకు అది దాదాపుగా పోయింది.

1900 సెన్సస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. పుట్టిన నెల, సంవత్సరం, తల్లికి ఎంతమంది పిల్లలు, అందులో ఎంతమంది బతికున్నారు, అన్నీ రాశారు. 1880లో తల్లిదండ్రులు పుట్టిన చోటు కూడా ఉంటుంది. అక్కడ కొందరికి "ఆఫ్రికా" అని ఉంటుంది. స్పెల్లింగ్ గురించి టెన్షన్ పడకండి. లెక్కలు రాసినవాడు చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా దొరకడం మామూలే.

ప్రతి పేజీలోనూ మీ కుటుంబానికి పైన పదిళ్లు, కింద పదిళ్లు కూడా రాసిపెట్టుకోండి. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

3. గోడ దగ్గర: ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో, బ్యాంకు కార్డులు

1865లో ప్రభుత్వం, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లకు సాయపడటానికి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే శాఖ పెట్టింది, 1872 దాకా నడిచింది. విడుదలైనవాళ్ల కూలి ఒప్పందాలు, పెళ్లిళ్ల నమోదు, రేషన్, ఆసుపత్రి, బడి, ఫిర్యాదులు, అన్నీ దాని కాగితాల్లో ఉన్నాయి. వేలమంది వాలంటీర్లు ఆ పేర్లకు ఇండెక్స్ తయారుచేశారు. ఇప్పుడు పేరు కొట్టి ఉచితంగా వెతకవచ్చు.

అదే 1865లో మొదలై 1874లో దివాలా తీసిన ఫ్రీడ్‌మాన్స్ సేవింగ్స్ బ్యాంకు రికార్డులు మాకు ఇంకా ఎక్కువ ఇచ్చాయి. ఖాతా తెరిచేటప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి కార్డులో వివరాలు రాసేవారు: పుట్టిన చోటు, వయసు, పని, పాత యజమాని, ప్లాంటేషన్, భార్య, పిల్లలు, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. కింద సంతకం, లేకపోతే ఇంటూ గుర్తు. డబ్బు దాచుకోవడానికి వచ్చిన మనిషి తనకు గుర్తున్న ఇంటిల్లిపాదినీ చెప్పి రాయించాడు.

మాకు దొరికిన కార్డు నేరుగా మా అల్లుడి పూర్వీకుడిది కాదు. ముత్తాతగారి తాతకు అన్నయ్యది. సవానా బ్రాంచి. తమ్ముళ్ల వరసలో మేం వెతికే పేరు కనిపించింది. తల్లి పేరు మాకు మొదటిసారి తెలిసింది అక్కడే. నానమ్మకు ఫోన్‌లో చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ పేరు తన ఆడపడుచుకు పెట్టారని, ఎందుకు పెట్టారో తనకు ఇన్నాళ్లూ తెలియదని చెప్పింది.

కాబట్టి ఒక్క మనిషి కోసమే వెతకకండి. అన్నదమ్ముల కోసం, బావమరుదుల కోసం, పక్కింటివాళ్ల కోసం వెతకండి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరిన నల్లజాతి సైనికులు దాదాపు 1,79,000 మంది. వాళ్ల పెన్షన్ ఫైళ్లలో సాక్షులుగా ఇరుగుపొరుగు చెప్పిన వాంగ్మూలాలు పేజీలకు పేజీలు ఉంటాయి.

4. గోడ అవతల: యజమాని కాగితాలు

ఇది మనసుకు కష్టమైన మెట్టు. 1850, 1860 సంవత్సరాల్లో "స్లేవ్ షెడ్యూల్" అని వేరే జాబితా తయారుచేశారు. యజమాని పేరు పైన, కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు గడి లేదు. 1870లో 25 ఏళ్ల మనిషి 1860లో 15 ఏళ్ల గీత. అలా లెక్క కట్టుకోవాలి. ఇది ఊహ మాత్రమే, రుజువు కాదని పక్కన రాసి పెట్టుకోండి.

పేర్లు దొరికేది కౌంటీ కోర్టులో: యజమాని వీలునామా, చనిపోయాక తీసిన ఆస్తి జాబితా, అమ్మకపు పత్రాలు. పశువులు, నాగళ్ల మధ్య మనుషుల పేర్లు, ఎదురుగా డాలర్లలో ధర. దీన్ని ఒంటరిగా చూడనివ్వకండి. చూపించే ముందు చెప్పండి, పక్కన ఉండండి. మా అల్లుడు ఆ రోజు ఆ పేజీ మూసేసి బయటికి వెళ్లిపోయాడు, మళ్లీ రెండు నెలలకు గానీ తెరవలేదు. తొందరపెట్టడానికి ఇది పరీక్ష కాదు.

ఇంటిపేరు చూసి యజమానిని తేల్చేయకండి. కొందరు ఆఖరి యజమాని పేరు కాకుండా అంతకుముందు వాడి పేరు ఉంచుకున్నారు, కొందరు తామే ఎంచుకున్నారు.

సాయానికి మంచి చోట్లున్నాయి. అట్లాంటా దగ్గర మారోలో నేషనల్ ఆర్కైవ్స్ శాఖ, ఊళ్లో ఆబర్న్ అవెన్యూ రీసెర్చ్ లైబ్రరీ ఉన్నాయి. చార్లెస్టన్‌లో గాడ్స్‌డెన్ వార్ఫ్ అనే రేవు ఉండేది, ఓడల నుంచి ఆఫ్రికా మనుషుల్ని దించిన చోటు. 2023లో సరిగ్గా అక్కడే ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. అందులో కుటుంబ చరిత్ర వెతికేవాళ్ల కోసమే ఒక విభాగం ఉంది.

5. ఇప్పుడు డీఎన్‌ఏ

మా కిట్ ఫలితంలో దేశాల పేర్లు, పర్సెంటేజీలు వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే అంకెలు మారిపోయాయి. మోసం కాదు. పోల్చి చూసే నమూనాలు పెరిగేకొద్దీ అంచనా మారుతుంది. పైగా ఇప్పటి ఆఫ్రికా సరిహద్దుల్లో చాలావరకు 1884–85 బెర్లిన్ సమావేశం తర్వాత యూరప్ వాళ్లు గీసుకున్నవి. యొరుబా జనం నైజీరియాలోనూ ఉన్నారు, బెనిన్‌లోనూ ఉన్నారు. మన మనిషి ఓడెక్కే నాటికి ఆ గీతలే లేవు.

పర్సెంటేజీలకన్నా బంధువుల మ్యాచ్ జాబితా పనికొస్తుంది. అందులోని దూరపు కజిన్ల ఇళ్లలో ఇంకో బిస్కెట్ డబ్బా ఉండవచ్చు. మగవాళ్ల తండ్రి వరస పరీక్ష చేస్తే యూరప్‌కు దారితీయడం అరుదేమీ కాదు. దాని వెనక ఏం జరిగి ఉంటుందో పెద్దవాళ్లకు తెలుసు. పరీక్షకు ముందే వాళ్లతో మాట్లాడండి. ప్రైవసీ కూడా ఆలోచించండి. 2023లో ఒక పెద్ద కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి.

6. ఆఫ్రికా వైపు

స్లేవ్ వాయేజెస్ అనే ఉచిత డేటాబేస్‌లో బానిసల్ని తరలించిన 36,000కు పైగా ఓడ ప్రయాణాల వివరాలున్నాయి. దాని అంచనా ప్రకారం ఆఫ్రికాలో ఓడలెక్కవలసి వచ్చినవాళ్లు కోటి ఇరవై ఐదు లక్షలు, ప్రాణాలతో దిగినవాళ్లు కోటీ ఏడు లక్షలు. మీ కుటుంబం ఉన్న రేవుకు ఏ ఏళ్లలో, ఏ తీరం నుంచి ఓడలు వచ్చాయో చూడండి. వంట, పాట, పేరు, డీఎన్‌ఏ, ఓడల లెక్క, వీటిలో మూడు ఒకే వైపు చూపిస్తే అప్పుడు ఆ భాష, ఆ చరిత్ర నేర్చుకోవడం మొదలుపెట్టండి.

పిల్లలకు ఆఫ్రికా పేర్లు పెట్టేటప్పుడు కూడా ఆధారం ఎటు ఉంటే అటు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఘనాలోని ఆకన్ జనం పుట్టిన వారాన్నిబట్టి పేరు పెడతారు, శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారమైతే క్వామే. ఏ ఆధారమూ దొరకని కుటుంబం ఇష్టపడి ఆ పేరు పెట్టుకుంటే మాత్రం తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆధారాలు చెరిపేసింది వాళ్లు కాదు కదా.

ఘనా వెళ్తే, ఓడలెక్కించే ముందు మనుషుల్ని బంధించి ఉంచిన కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు చూస్తారు. నేలమాళిగల్లో నిలబడ్డాక అదే రోజు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి. పౌరసత్వం కావాలనుకునేవాళ్లకూ దారులు తెరుచుకుంటున్నాయి. 2019లో ఘనా 126 మందికి ఇచ్చింది, బెనిన్ 2024లో ఇందుకోసం చట్టమే చేసింది.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఆ పేరు నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ దళం లేకుండా పోయింది. అందులో పనిచేసిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాలు మాత్రం ఉన్నాయి, పెళ్లిళ్లలో మర్ఫా డప్పులు వాయిస్తున్నాయి. వాళ్ల పూర్వీకులు వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చారని చెబుతారు. వాళ్లకు 1870 సెన్సస్ లేదు, బ్యాంకు కార్డులు లేవు. నిజాం కాలం దస్తావేజులు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉర్దూ, పారసీల్లో ఉన్నాయి, అవి చదివేవాళ్ల సాయం కావాలి. కానీ మొదటి మెట్టు అక్కడా ఇదే. మీకు ఆ ఇళ్లలో స్నేహితులుంటే ఈ ఆదివారమే వెళ్లండి. మర్ఫా వాయించే పెద్దాయన్ను అడిగి, వాయిస్తూ ఆయన అనే ప్రతి మాటా, అర్థం తెలిసినదీ తెలియనిదీ, రికార్డు చేయండి. ఫైలుకు ఆయన పేరు, తేదీ పెట్టి ఒక కాపీ ఆయన మనవడి ఫోన్‌కు పంపండి.