7, 11, 13లకు ఒకే పరీక్ష: 1001

ఒక పెద్ద సంఖ్యను 7, 11, 13లు నిశ్శేషంగా భాగిస్తాయో లేదో తెలుసుకోవడానికి మూడు భాగహారాలు చేయనక్కరలేదు; ఆ మూడింటి లబ్ధం 1001 కాబట్టి, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఆ భాగాలను ఒకదాన్ని కూడుతూ మరొకదాన్ని తీసివేస్తూ పోయి, చివరకు వచ్చే చిన్న సంఖ్యను పరీక్షిస్తే చాలు. 1000 అనేది 1001 కన్నా ఒకటే తక్కువ కావడం ఇందులోని కిటుకు: 1001తో భాగించేటప్పుడు 1000ని −1గా తీసుకోవచ్చు, అందుకే భాగాలకు కూడిక, తీసివేత మారుతూ వస్తాయి. ఉదాహరణకు 864227లో 864 నుంచి 227 తీసివేస్తే 637 వస్తుంది. అది 7×7×13 కనుక అసలు సంఖ్యను 7, 13 భాగిస్తాయి, 11 భాగించదు. తేడా సున్నా అయితే మూడూ భాగిస్తాయి. 358358 వంటివన్నీ ఆ కోవలోవే. చివరి అంకెను రెట్టింపు చేసి మిగిలిన సంఖ్య నుంచి తీసివేసే 7 సూత్రం కన్నా, ఆరంకెలు దాటిన సంఖ్యలకు ఇదే నయమని నా అభిప్రాయం. తేడా రుణ సంఖ్యగా వస్తే గుర్తును వదిలేయవచ్చు.