ట్రాక్ బైక్‌కి ముందు పెట్రోలు, తర్వాత గేరు, చివర ట్రాక్షన్

ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, ఫ్యూయల్ బాక్స్, క్విక్‌షిఫ్టర్, ట్రాక్షన్ కంట్రోల్ మూడూ బిగించెయ్. ఆదివారం చెన్నై ట్రాక్‌కి వెళ్లాలి." ఫ్యూయల్ బాక్స్ ఇంజిన్‌కి పోసే పెట్రోలుని మారుస్తుంది, క్విక్‌షిఫ్టర్ క్లచ్ నొక్కకుండా గేరు మార్చనిస్తుంది, ట్రాక్షన్ కంట్రోల్ వెనక చక్రం జారితే ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి నేను బిగించను. అలా బిగిస్తే ట్రాక్ మీద బండి తడబడినప్పుడు తప్పు దేనిదో తేలదు. పెట్రోలు తక్కువై ఇంజిన్ మిస్సింగ్ కొట్టినా ట్రాక్షన్ కంట్రోల్ కట్ చేసినట్టే ఉంటుంది. చైన్ లూజై బండి కుదిపితే క్విక్‌షిఫ్టర్ పాడైందనిపిస్తుంది. అందుకే ముందు బండి, తర్వాత పెట్రోలు, ఆ తర్వాత గేరు, చివర ట్రాక్షన్. ఒకటి ట్రాక్ మీద సరిగ్గా నిలిచాకే రెండోదాని మీద చెయ్యి వేస్తాను.

నా అసలు పని లారీల వైరింగ్. ట్రాక్ బైకులు సాయంత్రం పూట పని. ఇక్కడ ఉదాహరణకి కవాసకి నింజా 300 తీసుకుంటాను. 296 సీసీ, రెండు సిలిండర్లు, కేబుల్ థ్రాటిల్, కంపెనీ నుంచి క్విక్‌షిఫ్టర్ గానీ ట్రాక్షన్ కంట్రోల్ గానీ రాదు. బయటి పెట్టెలు పెట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బండి లేదు. 2022 తర్వాతి ఆర్‌సీ 390 లాంటి వాటికి ఇవన్నీ కంపెనీయే ఇస్తోంది. వాటి మీద ఇంకో పెట్టె ఎక్కించాలంటే ముందు కారణం వెతుక్కోండి.

ఇంకో మాట. ఇదంతా టాటా ఏస్‌లో ఎక్కించుకుని ట్రాక్‌కి తీసుకెళ్లే బండి కోసం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రోడ్డు బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఆ సంగతి పక్కన పెట్టినా, అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంది కదా అని అక్కడ ఫుల్ థ్రాటిల్ లాగి మ్యాప్ (ఏ ఆర్‌పీఎంలో, ఎంత థ్రాటిల్‌కి ఎంత పెట్రోలు పోయాలో గళ్లలో రాసిన పట్టిక) చూసుకుంటామంటే నేను ల్యాప్‌టాప్ తెరవను. పొలం నుంచి గేదెలు రోడ్డెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

ముందు బండి. చైన్ టెన్షన్ కంపెనీ చెప్పినంతే ఉండాలి. అన్ని లింకులూ ఒకేలా సాగి ఉన్నాయో లేదో చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. క్లచ్ జారకూడదు. బ్యాటరీ దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా, 14 వోల్టుల అటూ ఇటూ రావాలి. ప్లగ్గులు రెసిస్టర్ రకమే వాడండి. ఎన్‌జీకే ప్లగ్ నంబర్లలో 'ఆర్' అనే అక్షరం ఉంటే అది రెసిస్టర్ ప్లగ్. అది లేకపోతే స్పార్క్ నుంచి పుట్టే రేడియో గోల పెట్టెల్లోకి దూరి లేనిపోని రీడింగులు చూపిస్తుంది. రెసిస్టర్ లేని ప్లగ్ వేసుకుని "బాక్స్ డూప్లికేట్ అన్నా" అంటూ వచ్చేవాళ్లున్నారు.

వైరింగ్ నా సొంత విద్య కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. పెట్టె ఎర్త్ వైరు ఫ్రేమ్‌కి కాదు, నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి పోవాలి. రంగు వేసిన ఫ్రేమ్ మీద బోల్టు ఎంత బిగించినా ఎర్త్ సరిగ్గా దొరకదు. వైర్లు మెలేసి టేప్ చుట్టే పని వద్దు. మంచి టూల్‌తో క్రింప్ చేసి పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వెయ్యండి. సెన్సర్ వైరుని ఇగ్నిషన్ కాయిల్ దగ్గర నుంచి నడిపించకండి. హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పి ఏ వైరూ లాగడం లేదని చూశాకే ట్యాంకు మూయండి. కనెక్టర్ల నోళ్లు కిందికి ఉంటే బండి కడిగినప్పుడు నీళ్లు నిలవవు.

ఇక పెట్రోలు. సైలెన్సర్, ఫిల్టర్ మార్చినవాళ్లకే ట్యూనింగ్ కావాలనుకుంటారు. కానీ మిగతావాళ్లకీ కావాలి. మన పంపుల్లో ఇప్పుడు పోసేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఉత్త పెట్రోలు కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఇ20కి దాదాపు 13.5 కిలోలు చాలు. అంటే పాత బండి ఇంజెక్టర్ ఎప్పటిలాగే అంతే పోస్తే మిశ్రమం పలచబడుతుంది. మెల్లగా పోతున్నప్పుడు పొగ పైపులోని కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ, అంటే బండి ఇంజిన్ కంప్యూటర్, సరిచేసుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆ సెన్సర్ మాట అది వినదు, రాసి ఉన్న మ్యాప్ ప్రకారమే పోస్తుంది. ట్రాక్ మీద మనం ఉండేదంతా అక్కడే.

ఆ కంపెనీ సెన్సర్ నారోబ్యాండ్. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువో తక్కువో చెబుతుంది గానీ ఎంతో చెప్పలేదు. ట్యూనింగ్‌కి వైడ్‌బ్యాండ్ కావాలి. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో వచ్చే గేజ్‌లు చాలా దొరుకుతాయి. ఆ సెన్సర్‌ని ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే బెండ్ పైపులో, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కన్నా ముందు, వెల్డింగ్ చేసిన బుష్‌లో బిగించాలి. పైపులో చేరే నీటి బొట్లు దాని మీద నిలవకుండా సెన్సర్ తోక కాస్త పైకి ఉండాలి. సెన్సర్ హీటర్‌కి కరెంటు లేకుండా ఇంజిన్ నడిపితే మసి పట్టి చచ్చిపోతుంది. లాగింగ్, అంటే రీడింగులు రికార్డు చెయ్యడం, అవసరం లేని రోజున సెన్సర్ తీసి బోల్టు వేసెయ్యండి. సెన్సర్‌కి ముందు గాస్కెట్ దగ్గర లీకు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని మిశ్రమం పలచగా ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. సబ్బు నీళ్లు పోసి బుడగలు చూస్తే లీకు దొరుకుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

గేజ్‌ని 14.7 లెక్కలో కాకుండా లాంబ్డా లెక్కలో పెట్టుకోండి. లాంబ్డా 1 అంటే ఏ పెట్రోలైనా పూర్తిగా కాలడానికి గాలి సరిగ్గా సరిపోయినట్టు, 1 కన్నా తక్కువైతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇథనాల్ ఎంత కలిసినా ఆ అంకె అర్థం మారదు. ఫుల్ థ్రాటిల్‌లో నేను 0.87 నుంచి 0.90 మధ్య పెడతాను. పాత లెక్కలో గేజ్ 13 చూపిస్తే అది లాంబ్డా 0.88. సగం థ్రాటిల్‌లో, మలుపు నుంచి బయటికొచ్చే చోట, 0.92 దాకా ఉంచుతాను. కొద్ది థ్రాటిల్‌కి బండి ఉలిక్కిపడకుండా మెత్తగా లాగడం అక్కడ ముఖ్యం.

పెట్టె ఏది అనే గొడవకి ఎక్కువ సమయం ఇవ్వను. పవర్ కమాండర్ లాంటి పిగ్గీబ్యాక్ పెట్టె కంపెనీ ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చుని, కంపెనీ పోసేదానికి ఇంత శాతం కలుపు, ఇంత తగ్గించు అని మారుస్తుంది. గాలి వేడిని బట్టి కంపెనీ చేసే సవరణ అలాగే ఉంటుంది కాబట్టి మన మే నెల ఎండకీ డిసెంబరు ఉదయానికీ వేరే మ్యాప్ అక్కర్లేదు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల పవర్‌ట్రానిక్ పెట్టె ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా మారుస్తుంది. డైనో (బండి బలం కొలిచే రోలర్ యంత్రం) మీద నాకింగ్ (మిశ్రమం సరైన తీరులో కాలక వచ్చే టకటక చప్పుడు) వినే మనిషి పక్కన లేకపోతే టైమింగ్ జోలికి పోకండి. ఈసీయూ ఫ్లాష్, అంటే ఈసీయూలోని మ్యాప్‌నే తిరగరాయడం, మంచిదే, కానీ పాత ఫైలు కాపీ చేతిలో ఉంటేనే.

మొదటి సెషన్ జీరో మ్యాప్‌తో, అంటే అన్ని గళ్లలో సున్నాతో, లాగ్ చెయ్యండి. చెన్నై ట్రాక్, అంటే శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. స్ట్రెయిట్ మీద ఫుల్ థ్రాటిల్ గళ్లు, మలుపుల్లో సగం థ్రాటిల్ గళ్లు ఒకే సెషన్‌లో నిండుతాయి. మొదటి ల్యాప్ లెక్కలోకి తీసుకోకండి. పిట్‌లో నిలబడి ఇన్‌టేక్ వేడెక్కి ఉంటుంది. థ్రాటిల్ మూసినప్పుడు ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది, అప్పుడు గేజ్ ఆకాశానికి పోతుంది, దాన్నీ వదిలెయ్యండి.

లెక్క సులువు. రీడింగ్‌ని కావలసిన అంకెతో భాగించండి. 9,000 ఆర్‌పీఎం, 100 శాతం థ్రాటిల్ గడిలో 0.94 వచ్చింది, కావలసింది 0.88. భాగిస్తే 1.07, అంటే 7 శాతం పెట్రోలు తక్కువ. నేను ఒక్కసారే 7 వెయ్యను, 4 వేసి మళ్లీ లాగ్ చేస్తాను. పక్క గళ్లకీ దీనికీ పెద్ద మెట్టు ఉండకూడదు. 8,750 దగ్గర సున్నా, 9,000 దగ్గర 7, 9,250 దగ్గర మళ్లీ సున్నా ఉంటే ఆ మ్యాప్ లాగ్‌లోని గోలని కాపీ కొట్టిందే. ప్రతి మ్యాప్ ఫైలు పేరులో తేదీ, పెట్రోలు రకం రాసుకోండి. 100 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు పోసిన రోజు మ్యాప్‌ని ఇ20 మీద నడిపించకూడదు.

పెట్రోలు కుదిరాక క్విక్‌షిఫ్టర్. గేరు పళ్ల పక్కన డాగ్‌లు అనే దిమ్మల్లాంటి ముక్కలు ఉంటాయి. ఇంజిన్ లాగుతున్నంత సేపూ ఆ డాగ్‌లు ఒకదాన్నొకటి బిగపట్టుకుని ఉంటాయి, అందుకే క్లచ్ లేకుండా గేరు కదలదు. గేరు రాడ్ మీది సెన్సర్ కాలి ఒత్తిడిని పసిగట్టగానే పెట్టె కొన్ని మిల్లీసెకన్లు ఇంజిన్‌ని ఆపుతుంది, పట్టు వదులుతుంది, గేరు జారుకుంటుంది. అంతే సంగతి. కేబుల్ థ్రాటిల్ నింజాకి ఇది పైగేర్లకే. కిందిగేర్లకి పెట్టె తనంతట ఇంజిన్‌ని రైజ్ చెయ్యాలంటే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కావాలి. కాబట్టి బ్రేక్ మీద గేరు దించేటప్పుడు క్లచ్చూ, మీ మణికట్టూ తప్పవు.

సెన్సర్ కొనేముందు గేరు పైకి వేసినప్పుడు రాడ్ నెట్టబడుతోందా, లాగబడుతోందా చూడండి. రేస్ షిఫ్ట్, అంటే తిరగేసిన గేర్లు, పెట్టుకుంటే అదీ తిరగబడుతుంది. కొన్ని సెన్సర్లు ఒకవైపే పనిచేస్తాయి. రాడ్ చివర బాల్ జాయింట్లలో ప్లే ఉంటే ముందు అవి మార్చండి. పెడల్, రాడ్ కలిసేచోట దాదాపు మూలమట్టం కోణం ఉండాలి, లేకపోతే కాలి బలం సగం వృథా. సెన్సర్ ఎంత ఒత్తిడికి స్పందించాలో కూడా జాగ్రత్తగా పెట్టాలి. మరీ సున్నితంగా పెడితే మలుపులో బూటు ముక్కు పెడల్‌కి తగిలినా ఇంజిన్ కట్ అవుతుంది. బండి పూర్తిగా వంగి ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కట్ టైం, అంటే ఇంజిన్‌ని ఆపి ఉంచే సమయం, గేరు గేరుకీ వేరు. ఒకటి నుంచి రెండుకి 80 మిల్లీసెకన్లతో మొదలుపెడతాను, మధ్యలో న్యూట్రల్ ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ కావాలి. రెండు నుంచి పైకి 65. అక్కడి నుంచి 5 చొప్పున తగ్గిస్తూ పోతాను. గేరు పడక మధ్యలో ఇరుక్కుంటే టైం తక్కువైంది, వెంటనే 10 పెంచండి. గేరు పడింది గానీ ముందు ఫోర్కులు దిగి మళ్లీ తోసినట్టయితే టైం ఎక్కువైంది. ఇరుక్కున్న గేర్లతో ఇంకో నాలుగు ల్యాపులు చూద్దాం అనుకోకండి. డాగ్‌ల అంచులు గుండ్రబడితే గేర్ బాక్స్ విప్పాల్సిందే.

తక్కువ ఆర్‌పీఎంలో క్విక్‌షిఫ్టర్ మొరటుగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. లెక్క వేద్దాం. 10,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ 12 మిల్లీసెకన్లకోసారి పేలుతుంది. 65 మిల్లీసెకన్లలో అయిదు పేలుళ్లు ఆగుతాయి, కోత నున్నగా ఉంటుంది. 4,000 దగ్గర 30 మిల్లీసెకన్లకోసారే పేలుతుంది, అక్కడ ఆగేది రెండే. సగం పేలుడు ఆపలేం కదా. అందుకే కనీస ఆర్‌పీఎం 6,000 పెట్టేస్తాను. స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో తిప్పుతూ టైం సెట్ చెయ్యడం దండగ, అక్కడ లోడ్ లేదు. స్టాండ్ మీద చూడాల్సింది ఒకటే, పెడల్ నొక్కితే ల్యాప్‌టాప్‌లో సెన్సర్ గుర్తు వెలుగుతోందా లేదా.

కొన్ని పెట్టెలు పెట్రోలు ఆపుతాయి, కొన్ని స్పార్క్ ఆపుతాయి. స్పార్క్ ఆపితే కోత తక్షణం పడుతుంది, కానీ కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి ఠప్పున పేలుతుంది. కుర్రాళ్లకి ఆ చప్పుడు ఇష్టం. క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ఇష్టం ఉండదు.

చివరగా ట్రాక్షన్ కంట్రోల్. బయట దొరికేవి రెండు రకాలు. ఒకటి ముందు వెనక చక్రాల వేగం పోల్చి చూసేది. ఇంకొకటి, బజాజ్ అని పొరబడకండి, అమెరికా బజ్జాజ్ కంపెనీ పెట్టెలో ఉన్నట్టు, ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత త్వరగా ఎగబాకుతోందో చూసేది. చక్రం జారితే ఆర్‌పీఎం అసహజంగా లేస్తుంది, పెట్టె అప్పుడు ఇంజిన్ బలాన్ని కోస్తుంది. ఈ రెండో రకానికి చక్రాల దగ్గర సెన్సర్లు అక్కర్లేదు. కానీ అది చూసేది ఇంజిన్‌నే కాబట్టి జారే క్లచ్‌నీ, లూజు చైన్ కుదుపునీ, ఎత్తు దాటేటప్పుడు గాల్లోకి తేలికపడిన వెనక చక్రాన్నీ కూడా జారుడే అనుకుంటుంది. పైన చైన్ గురించి అంత చెప్పింది ఇందుకే.

చక్రాల వేగం చూసే రకమైతే టైరు మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ చెయ్యాలి. సైజు అదే ఉన్నా కంపెనీ మారితే చుట్టుకొలత మారుతుంది. బండి నిటారుగా, ఒకే వేగంలో, థ్రాటిల్ తేలిగ్గా పట్టుకుని చెయ్యాలి. వంగినప్పుడు టైరు అంచు మీద నడుస్తుంది, చుట్టుకొలత ఇంకా తగ్గుతుంది, ముందు వెనక ఒకేలా తగ్గదు. కాబట్టి పరిమితి మరీ బిగించి పెడితే జారకుండానే కోస్తుంది.

ఎప్పుడైనా ఎక్కువ కోసే లెవెల్‌తో మొదలుపెట్టి, టైరు వేడెక్కాక ఒక్కో మెట్టు తగ్గించండి. లాగ్‌లో కోత ఏ మలుపు దగ్గర పడిందో చూడండి. ప్రతి ల్యాప్‌లో ఒకే చోట పడుతుంటే థ్రాటిల్ తెరిచే తీరు చూసుకోవాలి. స్ట్రెయిట్ మీద, నిటారుగా పోతున్నప్పుడు పడితే క్లచ్చో, చైనో. ముందు చక్రం జారితే మాత్రం ఈ పెట్టె ఏమీ చెయ్యలేదు.

నింజా 300 బలం 39 పీఎస్. ఎండిన ట్రాక్ మీద, మంచి వేడి టైరుతో, థ్రాటిల్ తెరవడం వల్ల వెనక చక్రం జారడం అరుదు. వానలో, చల్లటి టైరు మీద సంగతి వేరు. అందుకే ఈ బండికి ట్రాక్షన్ పెట్టె అడిగినవాళ్లని ముందు వాళ్ల టైరు మీద తయారీ తేదీ చదివి చెప్పమంటాను. నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ సంవత్సరం విన్నాక చాలాసార్లు బేరం పెట్టె నుంచి టైర్లకి మారుతుంది.