ప్రోగ్ రాక్‌లా సాగే జాతీయ గీతాలను వినడం ఎలా?

ఫోన్‌లో వరసగా ఇరవై దేశాల గీతాలు పెట్టుకుని, ఒక్కోటీ అర నిమిషం విని మార్చేసి, “అన్నీ ఒకే బ్యాండు మేళంలా ఉన్నాయి” అని తేల్చేసేవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద ఏడేళ్లుగా నెలకో సాయంత్రం ఈ గీతాలు వింటున్నాం. అవి ఒకేలా ఉండవు. కొన్ని పల్లవితో మొదలై పల్లవికే తిరిగొస్తాయి. కొన్ని బయల్దేరిన చోటుకి మళ్లీ రావు. నా పట్టింపంతా ఈ రెండో రకం గురించే.

1960ల చివర బ్రిటన్‌లో కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ లాంటి బృందాలు మొదలుపెట్టిన ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్ రాక్) కూడా అంతే. ఒకే పాటలో నాలుగైదు భాగాలు, మధ్యలో నడక మారడం, శ్రుతి మారడం, ఒక్క పాటే రికార్డు ఒక వైపంతా నిండిపోవడం. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఒకే పాటలో రాగాలు మారుతూ సాగే రాగమాలిక విన్న చెవికి ప్రోగ్ రాక్ సగం తెలిసినట్టే.

కావలసినవి: ఒక మంచి స్పీకర్, ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి పెట్టె (ఫోన్‌లో తంబూరా యాప్ అయినా చాలు, కానీ అది రెండో ఫోన్‌లో ఉండాలి), చాపలు, నలుగురైదుగురు మనుషులు. ఇయర్‌ఫోన్లు వద్దు. వీడియో అసలే వద్దు, జెండా కనిపిస్తే చెవి పనిచేయదు. ఆటోప్లే ఆపేయండి. ఒక పాట తోకను ఇంకో పాట తలకు అంటించే క్రాస్‌ఫేడ్ సెట్టింగ్ ఉంటే అదీ తీసేయండి. రాత్రి ఏడున్నర దాటాక మొదలుపెట్టాలి. అంతకుముందు మన ఎండకు మేడ కాలుతూనే ఉంటుంది.

గీతాలు ఎంచుకునేటప్పుడు పూర్తి రూపమే తీసుకోండి. ఆటల పోటీల్లో వాయించే పొట్టి రూపంలో మొదట్లోని వాద్య భాగం ఎగిరిపోతుంది, మధ్యలో మలుపులు పోతాయి. ఒకసారి ఒక కాలేజీలో నన్ను పిలిచి, ఉరుగ్వే గీతాన్ని టైమ్ లేదని ఒకటిన్నర నిమిషానికి కోసి వినిపించారు. ఆ రోజు అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

సాయంత్రానికి ఐదు గీతాలు చాలు. ఆరోది పెట్టకండి.

గ్రీసు గీతం పెట్టమని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, 158 చరణాలున్నాయి కదా అని. గ్రీకు కవి సొలొమోస్ 1823లో రాసిన కవిత పొడవు అది. పాడేది మొదటి రెండు చరణాలే. కాగితం మీది పొడవు ప్రోగ్ కాదు. పాట లోపల ఏదో మారాలి.

మన జనగణమనను కూడా ఈ జాబితాలో చేర్చకండి. అది ఒకే శ్రుతిలో, 52 సెకన్లలో, ఎక్కడా తొణక్కుండా నడిచే గీతం. దాని అందం వేరు. పైగా అది వినిపిస్తే లేచి నిలబడాలి, చాప మీద కూర్చుని విశ్లేషించే గీతం కాదది. ఠాగూర్ 1919లో మదనపల్లెలో ఉన్నప్పుడు ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాశారన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పండి. మన నేల మీద జరిగిన పని అది.

మొదట జపాన్ గీతం. చాలా చిన్నది, చాలా నెమ్మది. మొదట్లో అందరూ ఒకే స్వరంలో, మధ్యలో పాశ్చాత్య హార్మొనీ (ఒకేసారి వేర్వేరు స్వరాలు కలిసి పలకడం) చేరి, చివర మళ్లీ ఒకే స్వరంలోకి వచ్చేస్తుంది. ఫ్రాంజ్ ఎకర్ట్ అనే జర్మన్ బ్యాండ్‌మాస్టర్ 1880లో అలా కూర్చాడు. చెవి కడుక్కోవడానికి దీన్ని మించింది లేదు.

ఇక అసలు పని. మా మేడ మీదకు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది తప్పిపోయేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

రెండో గీతం దక్షిణాఫ్రికాది. 1997లో రెండు వేరు వేరు పాటలను కలిపి కట్టారు: ఇనోక్ సొంటోంగా 1897లో కూర్చిన ప్రార్థన, పాత ప్రభుత్వ కాలపు ఆఫ్రికాన్స్ గీతం. ఖోసా, జులు, సెసోతో, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు, మొత్తం ఐదు భాషలు. రెండు పాటలు కలిసే అతుకు దగ్గర షడ్జం, అంటే పాటకు ఆధారమైన ‘సా’, మారిపోతుంది. పాట మొదలైన ‘సా’ ఒకటి, ముగిసే ‘సా’ ఇంకొకటి. దాన్ని పట్టుకోవడమే ఈ సాయంత్రం ఉద్దేశం.

ముందు పాటను కాసేపు వినిపించి, అతుకు రాకముందే ఆపండి. గొంతులో మిగిలిన షడ్జానికి శ్రుతి పెట్టెను కలపండి. మామూలుగా ఐదు శ్రుతి (పాశ్చాత్యుల G) దగ్గర ఉంటుంది, కానీ రికార్డింగును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, సన్నగా సవరించుకోవాలి. అంకె చూసి పెట్టేసి వదిలేయకండి. చెవితో కలపండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. శ్రుతి పెట్టెలో పంచమం (‘పా’) తీసేయండి. షడ్జం ఒక్కటే మోగాలి.

అందరూ అలవాటుగా స-ప-స పెట్టేస్తారు. అప్పుడు ఏమవుతుందో చూడండి. ఈ గీతం వెళ్లి చేరేది పంచమానికే. అంటే పాత ‘పా’ కొత్త ‘సా’ అవుతుంది. మీ పెట్టెలో ఆ పంచమం ముందునుంచే మోగుతూ ఉంటే, కొత్త షడ్జం వచ్చినా చెవికి కొత్తగా అనిపించదు. ఎక్కడా అపశ్రుతి పలకదు. అంతా సుఖంగా ఉంటుంది, మలుపు మాత్రం జారిపోతుంది. ఎన్నో ఏళ్లు సంగీతం నేర్చుకున్నవాళ్లు కూడా ఇలా మోసపోవడం నా కళ్లారా చూశాను.

షడ్జం ఒక్కటే సన్నగా పెట్టి, పాట మళ్లీ మొదటినుంచి నడపండి. సెసోతో భాగం చివర “సౌత్ ఆఫ్రికా” అన్న మాట రెండుసార్లు వినిపిస్తుంది. అదే మైలురాయి. అది వినగానే పెట్టె కట్టేయండి. ఒక్క సెకను ఆలస్యమైనా ఫలితం పోతుంది, అందుకే ఆ పని ఒక్క మనిషికే అప్పజెప్పండి, ఆ మనిషి ఇంకేమీ చేయకూడదు. పాట చివరిదాకా పోనివ్వండి. ఆగగానే అందరూ గొంతులో నిలిచిన ‘సా’ను కూనిరాగంగా పట్టుకోవాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు. అప్పుడు పెట్టె మళ్లీ మోగించండి. మీరు ‘సా’ అనుకుని పట్టుకున్నది పాత శ్రుతికి ‘పా’ అని ఒంటికి తెలుస్తుంది.

మా పక్కింటి పిన్నిగారు వీణ నేర్పుతారు, ఇంగ్లీషు సంగీతం అంటే ఆమడ దూరం. మొదటి సాయంత్రం అలా వినగానే, “ఒరేయ్, కల్యాణి తలుపులోంచి శంకరాభరణంలోకి వెళ్లిపోయిందిరా” అన్నారు. అక్షరాలా అదే. శంకరాభరణ రాగంలో శుద్ధ మధ్యమం (కింది ‘మా’) ఉన్నచోట ప్రతి మధ్యమం (పై ‘మా’) వచ్చి కూర్చుంటే కల్యాణి రాగం అవుతుంది, ఆ కల్యాణి పంచమాన్ని షడ్జం చేసుకుంటే మళ్లీ శంకరాభరణమే. ఇలా స్వరాలు మార్చకుండా ‘సా’ను మాత్రం వేరే స్వరం మీదికి జరపడమే మన గ్రహభేదం. పాశ్చాత్య సిద్ధాంతం పుస్తకం ముందేసుకుని కీ సిగ్నేచర్లు (శ్రుతిని తెలిపే గుర్తులు) లెక్కపెట్టేవాళ్లకు ఇది మూడు గంటల పాఠం. స్వరం తెలిసినవాళ్లకు మూడు నిమిషాలు. నేను ఈ పద్ధతే పట్టుకోవడానికి కారణం అదే.

ఒక జాగ్రత్త. ప్రతి మధ్యమం తగిలిన ప్రతిచోటా శ్రుతి మారినట్టు కాదు. అమెరికా గీతంలో మొదటి పాదం చివరే అది స్పష్టంగా పలుకుతుంది. అది విని “ఇదిగో, మారింది” అని ఎగిరేవాళ్లున్నారు. మారలేదు. బేహాగ్ రాగంలో ప్రతి మధ్యమం వచ్చి పోయినట్టే, చుట్టపుచూపుగా వచ్చి వెళ్లింది. ఇల్లు మారడం వేరు, చుట్టం రావడం వేరు. సందేహం వస్తే పాట చివర ఆగే షడ్జాన్ని పెట్టెతో పోల్చండి. తీర్పు అక్కడే.

మూడోది ఇటలీ. 1847 నాటి పాట, మమేలీ మాటలు, నొవారో బాణీ. 1946 నుంచి తాత్కాలికంగా వాడుతూ వచ్చి 2017లో చట్టంతో ఖాయం చేశారు. ఇది మధ్యమానికి వెళ్తుంది, ఆరున్నర శ్రుతి (B♭) నుంచి రెండున్నరకు (E♭). ఇక్కడ గుర్తు కైశికి నిషాదం (కింది ‘నీ’). హరికాంభోజి రాగం మీదుగా దారి. మొదటి చరణం అయ్యాక పాట వేగం పుంజుకునే చోట పెట్టె కట్టేయండి. దక్షిణాఫ్రికాది పట్టుకున్నవాళ్లకు ఇది నల్లేరు మీద నడకే, కానీ ఈ రెండింటి వరస తారుమారు చేయకండి. ఇటలీది హుషారు పాట, మొదట పెడితే అందరూ కాళ్లు ఆడిస్తూ కూర్చుంటారు.

నాలుగోది బర్మా. శ్రుతి పెట్టె పక్కన పెట్టేయండి. మొదటి సగం వాళ్ల సంప్రదాయ బాణీ, రెండో సగం పాశ్చాత్య వాద్యబృందం నడక. ఒక పాట కడుపులో రెండు ప్రపంచాలు. పాడాక వాళ్లు తల వంచి నమస్కరిస్తారని పక్కవాళ్లకు చెప్పండి.

చివర ఉరుగ్వే. హంగరీలో పుట్టిన దెబాలి కూర్చిన బాణీ, 105 బార్లు (తాళం గళ్లు), పూర్తిగా వింటే నాలుగు నిమిషాలకు పైనే. ఇటాలియన్ ఒపెరా దర్జాతో వాద్యాలు ముందు వచ్చి, గొంతులు తర్వాత అందుకుంటాయి. దీనికి లెక్కలు వద్దు, గుర్తులు వద్దు. దీపం ఆర్పేసి వినండి. అయిపోయాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, పునుగుల పళ్లెం ఆ తర్వాతే మేడ మీదకు రావాలి.