గుంతలో చక్రం పడితే తలుపు బిగుసుకుంటోందా? పాత కారు ఛాసిస్, సస్పెన్షన్ సమస్యలు - పరిష్కారాలు

పాత కారుకి బలమైన ఇంజిన్ ఎక్కించి, వెడల్పు టైర్లు వేశాక బండి వణుకుతుంటే చాలామంది ముందు గట్టి స్ప్రింగులు కొంటారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. మెలి తిరిగే ఛాసిస్ (బండి బరువు మోసే ఫ్రేమ్) తనే ఒక పెద్ద స్ప్రింగు, పైగా దానికి షాక్ అబ్జార్బర్ కూడా ఉండదు. కింద స్ప్రింగు ఎంత గట్టిగా ఉంటే, గుంత కొట్టే దెబ్బ అంతగా ఫ్రేమ్‌లోకి పోతుంది. అందుకే ఏ లక్షణం కనబడినా ముందు ఫ్రేమ్‌ని అనుమానించండి. అది బాగుందని తేలాకే స్ప్రింగుల మీద చెయ్యి వెయ్యండి.

లక్షణం: తలుపు సందు మారుతుంది, డ్యాష్‌బోర్డు గిలగిలలాడుతుంది, ముందు అద్దం మూలల్లో పగులుతుంది

పరీక్షకి పెద్ద సామగ్రి అక్కర్లేదు. చదునైన నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. తలుపు చుట్టూ ఉన్న సందుని నాలుగైదు చోట్ల కొలిచి, టేపు అంటించి దాని మీద రాసుకోండి. తర్వాత ముందు ఒక మూల ఫ్రేమ్ కింద జాకీ పెట్టి లేపి, మళ్లీ కొలవండి. తలుపు వెనక అంచు పైభాగంలో సందు తగ్గినా, తలుపు తెరవడానికి మొరాయించినా ఫ్రేమ్ మెలి తిరుగుతున్నట్టే. తలుపు కీలు అరిగినా సందు మారుతుంది కాబట్టి ముందుగా తలుపుని పైకి ఎత్తి కదిపి చూసుకోండి.

నిచ్చెన ఆకారపు పాత ఫ్రేముల్లో చాలావాటికి రెండు పక్కల పట్టాలు ఒకవైపు తెరిచి ఉన్న ఛానెళ్లే. ఒక అట్ట గొట్టాన్ని చేతుల్లో మెలితిప్పి చూడండి, తర్వాత దాన్ని నిలువునా ఒక గీత కోసి మళ్లీ తిప్పండి. తేడా చేతికే తెలుస్తుంది. మూసిన గొట్టంతో పోలిస్తే తెరిచిన ఛానెల్ మెలికని ఆపే బలం పదుల రెట్లు తక్కువ. వంగకుండా నిలిచే బలం రెండింటికీ అంత తేడాగా ఉండదు. అందుకే బరువు మోసేటప్పుడు బాగానే ఉన్న ఫ్రేమ్ మలుపులో చేతులెత్తేస్తుంది.

పరిష్కారం ఆ తెరిచిన వైపుని 3 మి.మీ. ఉక్కు పలకతో మూసెయ్యడం. దాని తర్వాత మధ్యలో ఎక్స్ ఆకారపు క్రాస్ మెంబర్ (రెండు పట్టాలని కలిపే అడ్డ దూలం) వేస్తే మెలిక ఇంకా తగ్గుతుంది. నా అనుభవంలో ఈ రెండు పనుల తర్వాత మెత్తటి స్ప్రింగులతోనే బండి నిలకడగా నడుస్తుంది.

ఈ పనిలో అసలు చిక్కు వెల్డింగ్ వేడి. వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకుని పట్టాని తన వైపు లాగుతుంది. మొదటిసారి నేను ఓపిక లేక ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకే గీతగా లాగేశాను, తెల్లారి చూస్తే పట్టా అరటికాయలా వంగి ఉంది. ఫ్రేమ్‌ని ముందు బల్లకి క్లాంపులతో బిగించండి. పలకని టాకులతో (అక్కడక్కడ వేసే చిన్న చుక్క వెల్డులతో) నిలపండి. తర్వాత 25 మి.మీ. ముక్కలుగా, ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి రెండో పట్టా మీద, ఇలా దూరం దూరంగా వెల్డు వేస్తూ వెళ్లండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపి టీ తాగి రండి. మొదలుపెట్టే ముందు, మధ్యలో, చివర, ఈ మూడుసార్లూ ఐమూల కొలతలు తీసుకోండి. దారానికి గుండు కట్టి ఫ్రేమ్ మీది రంధ్రాల నుంచి నేల మీదికి గుర్తులు దించుకుంటే కొలవడం సులువు.

పలక మూసే ముందు మరిచిపోకూడనివి రెండున్నాయి. పెట్టెలా మూసిన పట్టా గుండా బోల్టు వెళ్లే ప్రతిచోటా లోపల గొట్టం ముక్క వెల్డు చెయ్యాలి. లేకపోతే నట్టు బిగిస్తుంటే పెట్టె అణిగిపోతుంది, బిగువు ఎప్పటికీ నిలవదు. రెండోది, అడుగున నీళ్లు కారే రంధ్రాలు. అవి వదలకపోతే తుప్పు లోపలినుంచి తినేస్తుంది, మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

విడి ఫ్రేమ్ లేకుండా బాడీయే బలమైన కార్లలో కథ వేరు. అక్కడ ముందు, వెనక సబ్‌ఫ్రేములని (సస్పెన్షన్‌ని పట్టుకునే చిన్న ఫ్రేములని) కలుపుతూ గొట్టాలు వెయ్యాలి. బండి బరువు చక్రాల మీద ఉండగానే వాటిని వెల్డు చెయ్యాలి, గాల్లో వేలాడుతున్నప్పుడు చేస్తే ఆ వంపే శాశ్వతమవుతుంది. పైకప్పు లేని కారైతే తలుపు చోటులో అడ్డు గొట్టాలు కట్టకుండా తలుపు కింది పట్టీని కొయ్యొద్దు.

బ్యాటరీ తీగలు ఊడదీయడం, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టడం వెల్డింగ్ యంత్రం ముట్టుకోక ముందే జరగాలి.

లక్షణం: స్టీరింగ్ బాక్స్ దగ్గర పగులు, వెల్డు చేసినా మళ్లీ వస్తుంది

పగులుని మూస్తున్నారు, కారణాన్ని వదిలేస్తున్నారు. గట్టి చోటు హఠాత్తుగా ముగిసి మెత్తటి చోటు మొదలయ్యే గీత దగ్గరే ఉక్కు అలిసిపోతుంది. ఎవరో అతికిన చతురస్రపు పలక అంచున పగులు ఉందంటే అది యాదృచ్ఛికం కాదు. పగులులోకి ఇంకే రంగు ద్రవం పూసి పగులు అసలు కొస ఎక్కడుందో చూడండి, అక్కడ చిన్న రంధ్రం వెయ్యండి. పగులుని వి ఆకారంలో గ్రైండ్ చేసి వెల్డుతో నింపండి. దాని మీద వేసే పలక కొసలు వజ్రంలా సన్నబడుతూ పోవాలి. పట్టాకి అడ్డంగా నిలువు గీతలా ఎక్కడా వెల్డు వెయ్యొద్దు. రివెట్లు వదులైతే మళ్లీ కొట్టే బదులు, రంధ్రానికి సరిగ్గా అతికే హై టెన్సైల్ బోల్టులు వేసుకోండి.

లక్షణం: బండి దించాక, గతుకు వస్తే స్టీరింగ్ దానంతటదే లాగుతుంది

దీన్ని బంప్ స్టీర్ అంటారు. చక్రం పైకి కిందికి కదిలేటప్పుడు సస్పెన్షన్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చేతులు) ఒక వంపులో తిరుగుతాయి, టై రాడ్ (స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే కడ్డీ) ఇంకో వంపులో తిరుగుతుంది. రెండు వంపులూ కలవకపోతే చక్రం మీరు తిప్పకుండానే తిరుగుతుంది. కంపెనీ ఎత్తులో ఈ లెక్క సరిపోయేది. స్ప్రింగు చుట్టలు కోసి కారుని దించితే ఆ లెక్క పోయింది.

చుట్టలు కొయ్యడంలో ఇంకో మోసం ఉంది: చుట్టలు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోసినవాళ్లయితే వేడితో దాని గుణం కూడా పాడుచేసుకున్నట్టే. ఎత్తు తగ్గించాలంటే డ్రాప్ స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు కొస పైకి జరిపి చేసిన భాగం) మేలు. ఆర్మ్‌ల కోణాలు మారకుండా చక్రం మాత్రమే పైకి జరుగుతుంది.

కొలవడానికి, ఫ్రేమ్‌ని స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు తీసి, స్టీరింగ్‌ని తిన్నగా ఉంచి కదలకుండా కట్టండి. చక్రం బిగించే హబ్ మీద చదునైన పలక బిగించండి. చక్రాన్ని జాకీతో 25 మి.మీ. చొప్పున లేపుతూ, పలక ముందు అంచు, వెనక అంచు ఎంతెంత కదిలాయో రాసుకోండి. రెండింటి తేడాయే టో (చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మార్పు. బయటి టై రాడ్ కింద సన్నటి వాషరు వేసి మళ్లీ కొలవండి. తేడా పెరిగితే రెండోవైపు వెళ్లాలని అర్థం. ర్యాక్ స్టీరింగ్ (పళ్ల కడ్డీ అటూ ఇటూ జరిగి చక్రాలని తిప్పేది) అయితే ర్యాక్‌నే పైకో కిందికో జరపాల్సి రావచ్చు. విసుగు పుట్టించే పని, కానీ ఊహతో తేలేది కాదు.

లక్షణం: తిన్నటి రోడ్డు మీద కారు అటూ ఇటూ తేలుతుంది

స్టీరింగ్ బాక్స్‌లో ఆట (వదులు), బాల్ జాయింట్లు చూశాక క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణం) చూడండి. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో, పాతకాలపు క్రాస్ ప్లై టైర్ల కోసం చాలా కార్లకి క్యాస్టర్ బాగా తక్కువ పెట్టారు. రేడియల్ టైర్లు వేసి పవర్ స్టీరింగ్ పెట్టిన బండికి 3 నుంచి 5 డిగ్రీల పాజిటివ్ క్యాస్టర్ (అక్షం పైకొస వెనక్కి వాలేలా) ఇవ్వండి. పవర్ లేకపోతే అంత వద్దు, పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి.

లక్షణం: యాక్సిలరేటర్ తొక్కితే వెనక ఇరుసు ఎగిరెగిరి పడుతుంది

ఇంజిన్ బలానికి ఇరుసు తిరగబోయి లీఫ్ స్ప్రింగులని ఇంగ్లిష్ ఎస్ ఆకారంలో మెలిపెడుతుంది, టైరు జారగానే అవి ఎగిరి వెనక్కొస్తాయి. ఇరుసుని అలా తిరగనివ్వని ట్రాక్షన్ బార్లు వేస్తే చాలావరకు తగ్గుతుంది. అరిగిన బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాలు), ఇరుసుని స్ప్రింగులకి బిగించే యు బోల్టుల వదులు ముందు సరిచూడండి. వెనక కాయిల్ స్ప్రింగులకి మారి సమాంతర ఫోర్ లింక్ (ఇరుసుని పట్టుకునే నాలుగు కడ్డీలు) పెట్టినవాళ్లు పాన్‌హార్డ్ బార్ (ఇరుసుని ఫ్రేమ్‌కి అడ్డంగా కలిపే కడ్డీ) వెయ్యకపోతే ఇరుసు పక్కకి జరుగుతుంది. ఆ బార్ వీలైనంత పొడుగ్గా, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు నేలకి సమాంతరంగా ఉండాలి. గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు కూడా చూసుకోండి, గేర్‌బాక్స్ వైపు, ఇరుసు వైపు కోణాలు దాదాపు సమానంగా ఉండాలి.

లక్షణం: అన్నీ కొత్తవే, అయినా బండి రాయిలా కొడుతుంది

రబ్బరు బుష్‌ల బోల్టులు ఎప్పుడు బిగించారో గుర్తు తెచ్చుకోండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి నేలకి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. బండి ఎత్తుగానూ నిలబడుతుంది, బుష్‌లూ త్వరగా చిరుగుతాయి. వదులు చేసి, బరువు చక్రాల మీద పడ్డాక మళ్లీ బిగించండి. అప్పటికీ తగ్గకపోతే షాక్ రాడ్‌కి ఒక ప్లాస్టిక్ కేబుల్ టై కట్టి రోజూ వెళ్లే గతుకుల రోడ్డు మీద తిరిగి రండి. అది రాడ్ కొస దాకా జరిగిపోయి ఉంటే, సస్పెన్షన్‌కి కదలడానికి చోటు లేదు, బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలిక చివర తగిలే రబ్బరు దిమ్మ) మీదే నడుస్తోంది. అప్పుడు కావాల్సింది పొట్టి షాక్ అబ్జార్బరో, కాస్త ఎత్తో.