ఉల్లిపొరలో కణాన్ని చూడటం ఎలా? (గాలిబుడగను కాదు, కణాన్నే)

మొదటిసారి సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసి "అదిగో కణం!" అని సంబరపడేవాళ్లలో సగం మంది చూసేది గాలిబుడగను. నల్లటి అంచు, గుండ్రటి ఆకారం, మధ్యలో మెరుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్నే బొమ్మ గీసి, మెరుపు దగ్గర 'కేంద్రకం' అని రాసేస్తారు. ఈ పని నేను లెక్కలేనన్ని సార్లు చేశాను, చేయించాను. పాడయ్యేది ఎప్పుడూ ఒక్క చోటే. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

కావలసినవి: ఒక ఉల్లిపాయ, బ్లేడు, పట్టకారు, సూది, చిన్న బ్రష్, డ్రాపర్, గాజు స్లైడ్, దాని మీద కప్పే పలుచటి గాజు ముక్క (కవర్ స్లిప్), నీళ్లు, పలుచటి అయోడిన్ ద్రావణం, అద్దుడు కాగితం, సూక్ష్మదర్శిని. స్లైడ్, కవర్ స్లిప్ శుభ్రంగా తుడిచి ఉండాలి. వేలిముద్ర పడితే అదీ కణంలాగే కనిపించి ఇంకో గొడవ తెస్తుంది.

ముందు పొర తీయాలి. ఉల్లిపాయను నిలువునా నాలుగు ముక్కలు చేసి, లోపలి కండగల పొర ఒకటి విడదీయండి. అది దొప్పలా వంగి ఉంటుంది కదా, ఆ గుంట వైపున బ్లేడుతో సెంటీమీటరు చదరం గీసి, ఒక మూల పట్టకారుతో పట్టి మెల్లగా లాగండి. పలుచటి పొర విడిపోయి వస్తుంది. రాగానే నీళ్లలో వేయండి. గాలిలో ఒక్క నిమిషం వదిలితే చుట్టుకుపోతుంది, ఇక ఎంత సాగదీసినా లొంగదు. సరైన పొర వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అచ్చువేసిన కాగితం మీద పెట్టి చూడండి. కింది అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవగలిగితే మంచిదే. మసకగా ఉంటే కండ కూడా అంటుకొచ్చిందన్నమాట, పారేసి ఇంకోటి తీయండి. మనకు కావలసింది ఒకే ఒక్క కణం మందం ఉన్న పొర. వరుస మీద వరుస పడితే ఏ గోడ ఏ కణానిదో తేలదు.

స్లైడ్ మధ్యలో నీటి చుక్క వేసి, పొరను గోరంత ముక్కగా కోసి అందులో పరచండి. మడతలను బ్రష్‌తో, నీటిలో ఉండగానే సరిచేయండి. కొందరు ఇక్కడ నీటికి బదులు గ్లిసరిన్ వాడమంటారు. స్లైడ్ గంటల తరబడి ఆరకుండా ఉండాలంటే అది సరే. అరగంటలో చూసేసే పనికి నీళ్లు చాలు.

ఇక కవర్ స్లిప్. ఎవరైనా పాడుచేసేది ఇక్కడే.

పదిమందిలో తొమ్మిదిమంది కవర్ స్లిప్‌ను గిన్నె మీద మూత పెట్టినట్టు పైనుంచి పడేస్తారు. అలా పడిన గాజు నాలుగు వైపులా ఒకేసారి నీటిని తాకుతుంది. మధ్యలో ఉన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు, బుడగలై అక్కడే ఇరుక్కుంటుంది. గాలికి దారి వదలడమే ఇక్కడున్న కిటుకంతా.

అందుకే ముందు పొర మీద ఇంకో చిన్న నీటి చుక్క వేయండి. కవర్ స్లిప్‌ను అంచుల దగ్గర పట్టుకుని, ఒక అంచును మాత్రం స్లైడ్ మీద, నీటికి పక్కనే ఆనించండి. రెండో అంచు పైకి లేచి, దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. ఇప్పుడు గాజును నీటి వైపు కాస్త జరపండి. నీళ్లు గాజును తాకగానే ఆ అంచు పొడవునా సర్రున పాకుతాయి. అది కళ్లతో చూడాలి. నీళ్లు అంచంతా పాకకముందే గాజు దించితే పని చెడినట్టే.

పాకాక, లేచి ఉన్న అంచు కింద సూది పెట్టి, బరువంతా సూది మీద ఉంచి, కొద్దికొద్దిగా దించండి. నీళ్లు ముందుకు వస్తుంటే గాలి వాటి ముందు నుంచి జారిపోతుంది. ఐదారు సెకన్లు పడుతుంది. చివర్లో చెయ్యి తొందరపడుతుంది, చాలు కదా అనిపిస్తుంది. అప్పుడే సూదిని లాగేయకండి. అది గాజు కింద నుంచి దానంతట అది జారి రావాలి.

ఇంత చేసినా ఒకటి రెండు బుడగలు ఉండొచ్చు. బొటనవేలితో నొక్కడం మాత్రం వద్దు. కవర్ స్లిప్ మందం మిల్లీమీటరులో ఆరో వంతు ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. విరగకపోయినా కింద కణాలు నలుగుతాయి. ఒక అంచు దగ్గర నీటి చుక్క వేసి, ఎదుటి అంచు దగ్గర అద్దుడు కాగితం ఆనించండి. నీళ్లు ఇటునుంచి అటు పారుతూ చిన్న బుడగలను ఈడ్చుకెళ్తాయి. పెద్ద బుడగ పొర మధ్యలోనే కూర్చుంటే బేరాలాడకండి, గాజు తీసేసి మళ్లీ వేయండి. నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ రెండోసారి వేయాల్సి వస్తుంది.

రంగు కూడా ఇలాగే ఎక్కించాలి. ఒక పక్క అయోడిన్ చుక్క, ఎదుటి పక్క కాగితం. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగులో నానబెట్టి, కడిగి, మళ్లీ పరిచే పద్ధతి పాఠాల్లో ఉంటుంది, నేను ఒప్పుకోను. ముంచిన ప్రతిసారీ పొర ముడుచుకుంటుంది, పైగా రంగు కాస్త ఎక్కువైతే గోడ, కేంద్రకం అన్నీ ఒకటే ఎరుపు. అయోడిన్‌తో కేంద్రకం పసుపు కలిసిన గోధుమ రంగులో విడిగా తేలుతుంది.

చూసేటప్పుడు తక్కువ కటకంతో మొదలుపెట్టండి. కంటి దగ్గర కటకం 10 రెట్లు, కింది కటకం 10 రెట్లు పెద్దది చేస్తే మొత్తం 100 రెట్లు, మొదటి చూపుకు అది చాలు. వెలుతురు తగ్గించండి. ఎక్కువైతే పలుచటి అంచులు వెలుగులో కలిసిపోతాయి. ఇటుకలు పేర్చినట్టు పొడవాటి గదులు కనిపిస్తాయి, చాలావరకు ఒక్కోటి పావు మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ గీతలే సెల్యులోజ్‌తో కట్టిన కణకవచాలు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఇలాంటి గోడలకే, కాకపోతే ఆయనవి చచ్చిన ఖాళీ గదులు. మీవి నిండుగా ఉన్నాయి.

బుడగో కణమో ఇంకా అనుమానమా? బుడగ అంచు కారు టైరులా మందంగా, నల్లగా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కవర్ స్లిప్‌ను సూదితో తేలిగ్గా తాకితే బుడగ ఆకారం మారుతుంది. కణం పక్క కణంతో గోడ కలిపి ఉంటుంది, ఒంటరిగా గుండ్రంగా తేలదు.

400 రెట్లకు మారి ఒక్క కణం ఎంచుకోండి. చాలామంది పుస్తకంలో చూసింది గుర్తుపెట్టుకుని కేంద్రకం కోసం నట్టనడుమ వెతుకుతారు. అది సాధారణంగా గోడకు అతుక్కుని ఉంటుంది. కణం లోపల చాలా భాగాన్ని రిక్తిక అనే నీటి సంచి ఆక్రమించి, కణద్రవ్యాన్నీ కేంద్రకాన్నీ అంచుకు నెట్టేస్తుంది. ఉల్లిపాయ కరకరలాడటం ఈ సంచి గోడ మీద పెట్టే ఒత్తిడి వల్లనే. కొన్ని కణాల్లో కేంద్రకం మధ్యలో ఉన్నట్టే అనిపిస్తుంది. అప్పుడు చూపు కొద్దికొద్దిగా సరిచేసే సన్నని మర తిప్పి చూడండి, అది పై గోడకో కింది గోడకో అంటుకుని ఉంటుంది, మనం ఎదురుగా చూస్తున్నాం, అంతే.

కనిపించనిది గీయవద్దు. మైటోకాండ్రియా కణంలో ఉంది, తిండిలోని శక్తిని కణం వాడుకునే రూపంలోకి మారుస్తుంది, నిజమే. కానీ ఈ స్లైడ్‌లో అది మీకు కనిపించదు, అయినా ప్రతి బొమ్మలోనూ ఉంటుంది! ఆకులకు ఆకుపచ్చ రంగునిచ్చే హరితరేణువులైతే ఇక్కడ లేనే లేవు. వెలుతురు తగలని పొరకు ఆకుపచ్చతో పనేముంది?

కణత్వచం, అంటే గోడకు లోపల కణాన్ని చుట్టి ఉండే పలుచటి పొర, గోడకు ఎంత దగ్గరగా అతుక్కుని ఉంటుందంటే మామూలుగా విడిగా పట్టుకోలేం. అది చూడాలంటే ఎర్ర ఉల్లిపాయ కావాలి. ఈసారి కండగల పొర బయటి వైపు నుంచి, ఊదారంగు ఉన్న పొర తీయండి. ఆ రంగు రిక్తికలోనిదే కాబట్టి అయోడిన్ వద్దు, అది ఎలాగూ కణాన్ని చంపేస్తుంది. స్లైడ్ సిద్ధం చేశాక 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటిని అదే కాగితం పద్ధతిలో కవర్ స్లిప్ కిందికి లాగండి. నీళ్లు కణం నుంచి బయటికి పోతుంటే ఊదారంగు ముద్ద కుంచించుకుని గోడను వదిలేస్తుంది. గోడ ఉన్నచోటే ఉంటుంది. ముద్ద చుట్టూ ఇప్పుడు కనిపించే హద్దు దగ్గరే కణత్వచం ఉంది. ఉప్పును రానివ్వకుండా నీళ్లను పోనిచ్చింది అదే.

తర్వాత మంచినీళ్లు లాగండి, ముద్ద మెల్లగా ఉబ్బి గోడ దాకా వస్తుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడకండి. రంగంతా బయటికి కారిపోయి కణం వెలిసిపోతే మాత్రం ఆ కణత్వచం చిరిగింది, కణం చచ్చిపోయింది. ఇంకో పొర తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి, కవర్ స్లిప్ వాలుగా వేయడంతో సహా.