హైదరాబాద్ చుట్టుపక్కల వనాలకు వెళ్లి నీరా, కల్లు రుచి చూడాలనుకునేవారికి

కల్లు అసలు రుచి తెలుసుకోవాలంటే అది దిగే చెట్టు కిందికే వెళ్లాలి. తాటిగెల నుంచో ఈతమాను నుంచో బొట్టుబొట్టుగా కారే తీపి రసం చెట్టుకు కట్టిన కుండలో, అంటే లొట్టిలో పడిన క్షణం నుంచే ఈస్టు, బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టడం మొదలుపెడతాయి. పొద్దున కమ్మగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. ఇంత త్వరగా మారిపోయే పానీయం నగరంలో కల్లు అమ్మే కాంపౌండ్‌కు చేరేసరికి ఎన్ని చేతులు మారిందో, అందులో ఏమేమి కలిసిందో తాగేవారికి తెలిసే వీలు లేదు. హైదరాబాద్ నుంచి గంట, గంటన్నర ప్రయాణంలోనే వనాలు ఉన్నాయి కనుక, ఒక ఉదయాన్ని ఇందుకోసం కేటాయించుకోవడం కష్టమేమీ కాదు.

ముందుగా కాలం చూసుకోవాలి. ఈతకల్లుకు చలికాలం మేలు. రాత్రి చలికి పులియడం నెమ్మదిస్తుంది కనుక పొద్దున్నే దించిన కల్లులో తీపి ఇంకా మిగిలి ఉంటుంది. తాటికల్లు కోసం వెళ్లేవారు జనవరి తర్వాత ప్రయాణం పెట్టుకుంటే మంచిది, ఎండాకాలమైతే ముంజలు కూడా దొరుకుతాయి. అయితే కల్లు కోసం గీసిన గెలకు కాయ నిలవదు కనుక, ముంజలిచ్చే గెలను గౌడన్నలు, అంటే కల్లు గీసేవారు, గీయకుండా వదిలేస్తారు. వానలు పడే రోజుల్లో మాత్రం ఈ ప్రయాణం మానుకోవాలి. తడిసిన మాను మీద కాలు జారితే ప్రాణమే పోవచ్చు. మన సరదా కోసం ఒక మనిషిని ఆ ప్రమాదంలోకి నెట్టకూడదు.

ఇంకా పులియని తీపి రసమే నీరా. దాని రుచి ఎరుగనివారు మొదట నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో ప్రారంభమైన నీరా కేఫ్‌తో మొదలుపెట్టవచ్చు. చల్లగా ఉంచిన నీరాను అక్కడ ఒకసారి తాగి ఉంటే, వనంలో లొట్టి నుంచి నేరుగా తాగేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. వనాల విషయానికి వస్తే, విజయవాడ రహదారి మీద అబ్దుల్లాపూర్‌మెట్ మండలం వైపు, వరంగల్ రహదారి మీద భువనగిరి వైపు తాటిచెట్లు కనిపిస్తాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 జులై 14న గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలను పంపిణీ చేసే పథకాన్ని మొదలుపెట్టిన లష్కర్‌గూడ ఆ అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనిదే.

చెప్పకుండా వెళ్లి చెట్ల కింద నిలబడితే ఫలితం ఉండదు. ఆ ఊరివారు ఎవరైనా పరిచయముంటే వారి ద్వారా, లేకపోతే ఊళ్లోని గీత కార్మికుల సంఘం ద్వారా ముందురోజే మాట్లాడుకోవాలి. కల్లు గీయడానికి, అమ్మడానికి ఎక్సైజ్ శాఖ సహకార సంఘాలకు టీసీఎస్ (టాడీ కోఆపరేటివ్ సొసైటీ) పేరుతోను, విడిగా గీసుకునేవారికి టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పేరుతోను లైసెన్సులు ఇస్తుంది. ఈ రెంటిలో ఒకటి ఉన్నవారి దగ్గరకే వెళ్లాలి. నీరా కావాలనుకుంటే ముందురోజు మాట్లాడుకోవడం మరింత అవసరం. లోపల సున్నం పూసిన లొట్టిని సాయంత్రం కట్టి, సూర్యుడు రాకముందే దించితేనే అది నీరాగా దక్కుతుంది. సున్నం లేని లొట్టిలో రాత్రంతా నిండినది దించేసరికే కల్లయిపోతుంది. ధర కూడా అప్పుడే అడిగి తెలుసుకుంటే చెట్టు కింద బేరమాడే పని ఉండదు. పెద్దవారైనా చిన్నవారైనా ‘గౌడన్నా’ అని పిలిచి మాట్లాడితే ఇరువురికీ హాయిగా ఉంటుంది.

తెల్లవారేసరికి వనంలో ఉండాలి. కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి, ఎందుకంటే ఈతముళ్లు చెప్పులను దాటి గుచ్చుకుంటాయి, రాలిన మట్టల కింద పాములు ఉండవచ్చు. గీత పనిముట్లు పెట్టుకునే ముస్తాదును నడుముకు కట్టుకొని, మానును చుట్టిన మోకు మీద బరువు మోపుతూ గౌడన్న పైకి వెళ్తున్నంతసేపు ఆయనను పలకరించకూడదు, ఫోటో కోసం ఆగమని అడగకూడదు, చెట్టుకు సూటిగా కింద నిలబడకూడదు. కత్తి జారినా లొట్టి జారినా పడేది అక్కడే.

ఈతచెట్టు దగ్గర కొంతసేపు ఆగి మానును గమనించాలి. తాటికి గెలను గీస్తారు కాని, ఈతకు మొవ్వు కిందనున్న మెత్తటి మానునే చెక్కుతారు. ఈ ఏడు ఒక పక్క చెక్కితే మరుసటి ఏడు దానికి ఎదురు పక్కన చెక్కుతారు. చెట్టు పెరిగేకొద్దీ పాత గాట్లు కిందికి మిగిలిపోయి, మాను పొడవునా కుడి ఎడమలుగా మెట్లు కోసినట్టు కనిపిస్తుంది. ఆ గాట్లను కింది నుంచి లెక్కిస్తే ఆ చెట్టును ఎన్ని ఏళ్లు గీశారో ఇంచుమించుగా తెలుస్తుంది. గాటు ఎంత లోతుకు పోవాలో చేతికి తెలియకపోతే చెట్టు చచ్చిపోతుంది కనుక, పదుల ఏళ్లుగా గీస్తున్నా పచ్చగా నిలిచిన చెట్టును చూస్తే ఆ పనివారి నేర్పు మీద గౌరవం కలగక మానదు.

రుచి చూడటానికి ఒక క్రమం పాటిస్తే మంచిది. మొదట నీరా, తర్వాత అప్పుడే దించిన కల్లు తాగితే, ఒకే రసంలో తీపి తగ్గుతూ పులుపు, ఘాటు ఎలా పెరుగుతాయో నాలుకకే తెలుస్తుంది. మామూలుగా పలు చెట్ల కల్లును ఒకే కుండలో కలిపేస్తారు. ఒంటిచెట్టు కల్లు కావాలని ముందే అడిగి, రెండు చెట్లవి విడివిడిగా తాగి చూడాలి, పక్కపక్కనే ఉన్న చెట్లలో కూడా రుచి తేడాగా ఉంటుంది. గాజు గ్లాసు కంటే తాటాకు డొప్పలో తాగడమే నాకు ఇష్టం. పచ్చి ఆకు వాసన కల్లు వాసనతో చక్కగా కలుస్తుంది. ఖాళీ కడుపుతో తాగకూడదు కనుక శనగ గుడాలు, ఉల్లిగడ్డలు వెంట తీసుకువెళ్లాలి.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లును చూపుతో గాని నాలుకతో గాని గుర్తుపట్టగలమని నమ్మకూడదు. మన కళ్ల ముందు చెట్టు దిగిన లొట్టి నుంచి వంచినదే తాగాలి, డ్రమ్ములో నిలవ ఉన్నది ఎవరిచ్చినా వద్దనాలి. రాత్రివేళ గబ్బిలాలు ఈ రసం కోసం లొట్టి మీద వాలుతాయి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈతరసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకిన ఉదంతాలు ఉన్నాయి కనుక, గాటును, లొట్టి మూతిని వలతోనో ఆకులతోనో కప్పి ఉంచారా అని అడగడంలో తప్పు లేదు. నీరాలో చక్కెర శాతం ఎక్కువ, అందువల్ల మధుమేహం ఉన్నవారు దాన్ని ఆరోగ్య పానీయంగా భావించి గ్లాసుల కొద్దీ తాగకూడదు.

కల్లులో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 6 శాతం వరకు, అంటే బీరుతో సమానంగా ఉంటుంది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారు తాగకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటి ఉండగా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని పడవచ్చు. బండి నడిపే మనిషిని బయలుదేరేముందే నిర్ణయించుకోవాలి, ఆ మనిషికి నీరా కూడా వనంలో దించిన వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైతే అదీ పులుస్తుంది.

ఇంటికి కొంత తీసుకువెళ్లాలనుకుంటే ఐస్ నింపిన పెట్టెను వెంట తెచ్చుకోవాలి. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది కనుక సీసాను మెడ దాకా నింపకూడదు, మూత బిగించకూడదు. బిగించిన సీసా ఎండకు కారులోనే పగిలే ప్రమాదం ఉంది. ఇల్లు చేరాక ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజే తాగడం ముగించాలి.