ముక్తినాథ్ వెళ్లే పెద్దవాళ్ల కడుపు జాగ్రత్త

బరంపురం, పర్లాకిమిడి వైపు మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు పేరిచ్చి ఉంటే, స్వెటర్లూ మంకీ టోపీలూ సర్దే ముందు కడుపు సంగతి చూడండి. టైఫాయిడ్ టీకా వేయించాలంటే బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మన పాత అలవాటు. మోషన్లు మొదలవగానే "లంఖణం పరమౌషధం" అని అన్నంతో పాటు నీళ్లూ మానేస్తారు. బస్సు ఆపించాల్సి వస్తుందని మొహమాటపడి గొంతు తడుపుకోరు. అరవై దాటిన ఒంటికి ఇది ప్రాణం మీదకు వస్తుంది. మొదటి విరేచనం అవగానే ఓఆర్ఎస్ (ఉప్పు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు) మొదలుపెట్టాలి, ప్రతిసారీ అయ్యాక ఒక గ్లాసు తాగాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి; చిటికెడు చిటికెడు వేస్తే పాళ్లు తప్పుతాయి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి సరిపోవు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ అంచుకు సమంగా. ఉప్పేసిన గంజి కూడా మంచిదే. షుగరు ఉన్నవాళ్లు తీపని భయపడి మానకూడదు: లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పటి శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను ఎక్కువగా కాపాడుకున్నది ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే.

నీరు తీసే బీపీ మాత్రలు, షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు మోషన్లయ్యే రోజుల్లో వాటిని ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి రాయించుకోవాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఓఆర్ఎస్ ఎంత తాగవచ్చో కూడా అడగాలి. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా డాక్టరు రాస్తేనే తీసుకెళ్లండి. మోషన్లు ఆపే లోపెరమైడ్ మాత్ర పెద్దవాళ్లకు ప్రయాణంలో పనికొస్తుంది గానీ, జ్వరమో మలంలో నెత్తురో ఉంటే ముట్టకూడదు.

ముక్తినాథ్ 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. గుడి దగ్గరి 108 ధారల కింద స్నానం చేయండి, తల మీద చల్లుకోండి, ఆ నీళ్లు నోట్లో మాత్రం పోసుకోకండి. భక్తికి లోటేమీ రాదు. వేడి పప్పన్నం నిశ్చింతగా తినొచ్చు. గుప్‌చుప్ (పానీపూరీ), పచ్చి చట్నీ, కోసిపెట్టిన పండ్లు వద్దు. 2022 జూన్‌లో కలరా కేసులు బయటపడినప్పుడు ఖాట్మండు పక్కనున్న లలిత్‌పూర్ నగరపాలిక పానీపూరీ అమ్మకాలనే ఆపించింది. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, జెల్ ఒక్కటే చాలదు.

నెత్తురు పడినా, 102 డిగ్రీల జ్వరం వచ్చినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా యాత్ర ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికొచ్చాక మోషన్లు రెండు వారాలు దాటితే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో మీ డాక్టరు దగ్గరికో వెళ్లి, నేపాల్ వెళ్లొచ్చామని తప్పక చెప్పండి. అక్కడ వానాకాలంలో సోకే సైక్లోస్పోరా క్రిమి క్లోరిన్‌కు చావదు, మామూలు మల పరీక్షలో దొరక్కపోవచ్చు. దానికోసం విడిగా పరీక్ష రాయమని అడగాలి.